డాట్‌కామ్ బజార్‌లో మన దుకాణం ఎందుకు లేదు?

ఇంటర్నెట్ వ్యాపారం గురించి మన ఇళ్లల్లో రెండే రెండు మాటలు వినపడతాయి. ఇంట్లో పిల్లలు ఫోన్‌లో ఏదో నొక్కి, మూడో రోజుకల్లా చున్నీయో చెప్పులో తెప్పించుకుని "దుకాణ్ కన్నా సస్తా" అంటారు. అదే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చున్న పెద్దాయన ఒకరు "ఈ ఆన్‌లైన్ బలా వచ్చి మన దుకాణాలు బర్బాద్ అయ్యాయి" అని నిట్టూరుస్తాడు. రెండూ నిజమే. కానీ రెండిటి వెనకా ఒకే గలత్‌ఫహమీ ఉంది. ఇదంతా మిషన్ చేసిన పని అనీ, మిషన్ తెలిసినోడు గెలిచాడు, తెలియనోడు ఓడిపోయాడనీ అనుకుంటున్నాం.

నేను ఒప్పుకోను. 1994 నుంచి 2004 దాకా, ఇంటర్నెట్ మీద తిజారత్ మొదలైన ఆ పదేళ్ల కథను కొంచెం గౌర్ చేసి చూడండి. మిషన్ అందరి దగ్గరా ఒకటే. అదే కంప్యూటరు, అదే తీగ. అయినా వందల కంపెనీలు మునిగిపోయి పదో పరకో మిగిలాయి. మిగిలిన వాళ్లు చేసిన పని ఏమిటంటే, ముక్కూ మొహం తెలియని మనిషికి ఏత్‌బార్ కలిగించడం. అది మన బజార్‌ల సామాను. మన దాదాలు, నానాలు దాని మీదే బతికారు. ఆ సామాను ఇంట్లో పెట్టుకుని కూడా మనం ఆ కొత్త బజార్‌లో దుకాణం ఎందుకు తెరవలేదన్నదే నా సవాల్.

మొదటి నుంచి వద్దాం. 1994 ఆగస్టు 11న అమెరికాలో నెట్‌మార్కెట్ అనే చిన్న కంపెనీ ఒక పాటల సీడీ అమ్మింది. స్టింగ్ అనే గాయకుడిది. ధర 12.48 డాలర్లు, పోస్టేజీ అదనం. ఇంత చిన్న సౌదా మర్నాడు న్యూయార్క్ టైమ్స్‌లో ఖబర్ అయ్యింది. ఎందుకంటే కొన్నాయన తన క్రెడిట్ కార్డు నంబరును రహస్య లిపిలోకి మార్చి ఇంటర్నెట్ మీద పంపాడు. దారిలో ఎవరి చేతికి చిక్కినా అర్థం కాదు. తర్వాత కొద్ది కాలానికే నెట్‌స్కేప్ వాళ్లు ఇలాంటి తాళాన్నే తమ బ్రౌజర్‌లో బిగించి అందరికీ ఇచ్చారు. వెబ్ అడ్రసు పక్కన ఏళ్ల తరబడి చిన్న తాళం బొమ్మ కనపడేదే, దాని ఖాందాన్ అక్కడిది.

సరే, తాళం దొరికింది. తాళం దారిదొంగ నుంచి కాపాడుతుంది. దుకాణ్‌దారే దొంగ అయితే? దానికి ఇంజనీర్ల దగ్గర జవాబు లేదు.

జవాబు ఇచ్చింది హర్రాజ్ పాట పాడించుకునే ఒక వెబ్‌సైటు. పియర్ ఒమిడ్యార్ అని, ఇరానీ తల్లిదండ్రులకు పారిస్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన కుర్రాడు, 1995 సెప్టెంబరులో ఆక్షన్‌వెబ్ అని మొదలుపెట్టాడు. అదే తర్వాత ఈబే అయ్యింది. అందులో అమ్ముడుపోయిన మొదటి వస్తువు చెడిపోయిన లేజర్ పాయింటర్. 14.83 డాలర్లకు పోయింది. ఇది చెడిపోయిందని తెలుసు కదా అని ఒమిడ్యార్ కొన్నవాడిని అడిగితే, చెడిపోయినవే నేను జమ చేస్తుంటాను అన్నాడట. దునియాలో ఏ వస్తువుకైనా ఎక్కడో ఒక గిరాకీ ఉంటాడన్న సంగతి ఆ రోజు తేలిపోయింది. మన ఎర్రగడ్డలో ఆదివారం సంత చూసిన వాళ్లకు ఇది పెద్ద వింత కాదు.

అసలు హునర్ 1996 మొదట్లో వచ్చింది. కొన్నవాడు అమ్మినవాడి గురించి, అమ్మినవాడు కొన్నవాడి గురించి నాలుగు ముక్కలు రాసే ఏర్పాటు చేశాడు. మంచిగా రాస్తే ఒక మార్కు కలుస్తుంది, చెడ్డగా రాస్తే ఒకటి పోతుంది, రెండూ కాకపోతే సున్నా. అంతే. మన బజార్‌లో చాయ్ హోటల్ దగ్గర నిలబడి "ఫలానా సాయిబు దగ్గర తీసుకో, తూకంలో మోసం ఉండదు" అని చెప్పుకునే మాటను ఆయన రాతలో పెట్టాడు. మొహల్లా దాటి పోని పేరును వెయ్యి మైళ్ల దూరం పోయేలా చేశాడు. ఇందులో కంప్యూటర్ విద్య ఎంతని? పిసరంత. మనిషి ఫిత్రత్ తెలియడమే ఎక్కువ.

ఇక్కడ మా బడే అబ్బా గురించి చెప్పాలి. కర్నూలు పాతబస్తీలో ఆయనది కితాబుల దుకాణం. ఉర్దూ స్కూలు పుస్తకాలు, దీనీ కితాబులు, నావెళ్లు, డైజెస్టులు, పక్కన అత్తరు, టోపీలు. ఢిల్లీ జామా మస్జిద్ దగ్గరి ఉర్దూ బజార్ నుంచి ఫెహ్రిస్త్‌లు వచ్చేవి. బారీక్ అక్షరాల్లో కితాబు పేరు, రాసినాయన పేరు, ధర. బడే అబ్బా పోస్టుకార్డు రాసేవాడు. పార్శిల్ వీపీపీలో వచ్చేది. ఈ తరం పిల్లలకు వీపీపీ తెలియదు కాబట్టి చెప్తున్నాను. పార్శిల్ పోస్ట్‌మ్యాన్ తెస్తాడు, ఇంటి గడప దగ్గర పైసలు తీసుకుని పార్శిల్ ఇస్తాడు, ఆ పైసలు మనీఆర్డరుగా అమ్మినవాడికి చేరతాయి. బ్రిటిష్ వాళ్ల జమానా నుంచి నడిచిన ఇంతెజామ్ ఇది. బడే అబ్బా తిరిగి ఆదోని, నంద్యాల, ఆత్మకూరు వైపు మౌల్వీ సాబులకూ మాస్టర్లకూ అదే వీపీపీలో కితాబులు పంపేవాడు.

ఇందులో దగా ఉండేది కాదా అంటే, ఉండేది. పైసలు ఇచ్చాకే కదా పార్శిల్ విప్పడం! పేపర్‌లో ఇష్తెహార్ చూసి ట్రాన్సిస్టర్ రేడియో తెప్పించుకుంటే ఇటుకరాయి వచ్చిందన్న కిస్సాలు ప్రతి ఊళ్లోనూ ఉండేవి. కానీ కితాబుల వాళ్లలో ఆ దగా తక్కువ. ఎందుకంటే కితాబు ఎక్కడ కొన్నా అదే కితాబు. పేరు చెప్తే చాలు, చేత్తో తడిమి చూడక్కర్లేదు. చిరగదు, కుళ్లదు, పగలదు.

అమెరికాలో జెఫ్ బెజోస్ 1995 జూలైలో అమెజాన్ తెరిచినప్పుడు సరిగ్గా ఈ హిసాబ్‌తోనే కితాబులు ఎంచుకున్నాడు. ఫెహ్రిస్త్ తెర మీదికి వచ్చింది, పోస్టుకార్డు బదులు మౌస్ వచ్చింది. బడే అబ్బా చేసినదీ అదే పని అని నేను అంటే మా ఇంట్లో నవ్వుతారు. నవ్వనివ్వండి. తేడా ఉంది, నాకూ తెలుసు. ఆ తేడా ఎక్కడుందో తర్వాత చెప్తాను. మీరనుకునే చోట లేదు.

ఇప్పుడు మునిగిపోయిన వాళ్ల సంగతి. 1998, 99 వచ్చేసరికి అమెరికాలో ఒక పిచ్చి పట్టింది. కంపెనీ పేరు చివర డాట్‌కామ్ ఉంటే చాలు, షేర్లు ఎగబడి కొన్నారు. నఫా ఎంత అని ఎవరూ అడగలేదు. మీ వెబ్‌సైటు మీద ఎంతమంది కళ్లు పడుతున్నాయి అనే అడిగారు. కళ్లే లెక్క! గల్లా పెట్టె లెక్క కాదు. కళ్లు కొనడానికి పరాయి వాళ్ల పైసలు నీళ్లలా పోశారు.

పెట్స్‌డాట్‌కామ్ అని కుక్కలకూ పిల్లులకూ తిండి అమ్మే కంపెనీ. 2000 జనవరిలో, అమెరికా అంతా టీవీల ముందు కూర్చునే సూపర్‌బౌల్ ఆట మధ్యలో లక్షల డాలర్ల ఇష్తెహార్ ఇచ్చింది. ఫిబ్రవరిలో షేర్లు అమ్మి 8 కోట్ల 25 లక్షల డాలర్లు జమ చేసింది. నవంబరులో తాళం వేసింది. తొమ్మిది నెలలు. మూటలకొద్దీ బరువుండే కుక్కల తిండిని కొన్న ధర కన్నా తక్కువకు అమ్ముతూ, పైన రవాణా ఖర్చు కూడా తానే పెట్టుకుంది. మన బేగంబజార్‌లో బస్తాలు మోసే హమాలీని అడిగినా ఈ సౌదా నిలబడదని చెప్పేవాడు.

వెబ్‌వాన్ కిస్సా ఇంకా పెద్దది. ఇంటికి కూరగాయలు, కిరాణా తెచ్చిస్తామన్నారు. మీరు చెప్పిన అరగంట వ్యవధిలోనే తలుపు తడతామన్నారు. ఖయాల్ మంచిదే. కానీ ఒక ఊళ్లో నఫా చూడకముందే 26 ఊళ్లలో మహా గోదాములు కట్టడానికి బెక్టెల్ కంపెనీతో వంద కోట్ల డాలర్ల కాంట్రాక్టు రాసుకున్నారు. 2001 జూలైలో దివాలా. దాదాపు రెండు వేల మంది నౌకరీ పోయింది. మొదటి దుకాణంలో బోహ్నీ సరిగ్గా కాకముందే ఇరవై ఆరో దుకాణానికి పునాది తవ్వే మనిషిని మన పెద్దలు ఏమంటారో నేను రాయక్కర్లేదు.

అమెజాన్ కూడా ఆ రోజుల్లో నష్టాల్లోనే ఉంది. 1999 చివర్లో వంద డాలర్లు దాటిన షేరు 2001లో ఆరు డాలర్ల కిందికి పడింది. అది కూడా పోతుందని చాలామంది రాశారు. పోలేదు. 2001 చివరి మూడు నెలల్లో మొదటిసారి నఫా చూపించింది. యాభై లక్షల డాలర్లు. అంత పెద్ద కంపెనీకి అది చిల్లరే, కానీ నఫా నఫానే. ఎందుకు బతికిందంటే నాకు తోచిన జవాబు ఇది: మొదటి నుంచీ కొన్నవాళ్లు రాసిన రాయ్‌ను, చెడ్డ రాయ్‌ను కూడా, అదే పేజీలో ఉంచింది. తన సరుకును తిట్టే మాటను తన దుకాణం గోడ మీదే అతికించుకుంది. నచ్చకపోతే వాపస్ తీసుకుంది. ఆ కంపెనీ ఫరిష్తా అని నేననడం లేదు. తర్వాత తన బజార్‌లో చిన్న దుకాణ్‌దార్లను కూర్చోబెట్టుకుని, వాళ్ల పక్కనే తన సొంత మాలు పెట్టి అమ్మిన తీరు మీద చాలా దేశాల్లో కేసులు నడిచాయి. ఆ బహస్ ఇంకోసారి.

ఇదంతా జరుగుతుంటే మన దగ్గర ఏం జరిగింది?

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. విదేశ్ సంచార్ నిగమ్, అంటే వీఎస్‌ఎన్‌ఎల్, తెచ్చింది. ఏడాదికి వేలల్లో ఫీజు. ప్రైవేటు కంపెనీలకు రాస్తా తెరుచుకుంది 1998లో. ఆ ఏడాది నవంబరులోనే హైదరాబాద్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. 1999 నవంబరులో సత్యం ఇన్ఫోవే వాళ్లు రాజేశ్ జైన్ నడిపిన ఇండియావరల్డ్‌ను 499 కోట్లకు కొన్నారు. ఆ ఖబర్ అన్ని పేపర్లలో మొదటి పేజీ ఎక్కింది. సమాచార్, ఖేల్, ఖోజ్, బావర్చీ అని కొన్ని వెబ్‌సైట్లు, అంతే ఆ కంపెనీ. నాలుగు వెబ్‌సైట్లకు అయిదు వందల కోట్లా అని మా కాలేజీ లెక్చరర్లు కూడా నోరెళ్లబెట్టారు. సత్యం ఇన్ఫోవేకు తల్లి మన హైదరాబాద్ సత్యమే. ఆ తల్లి కంపెనీ హిసాబ్-కితాబ్ ఎంత ఝూటో 2009 జనవరిలో దాని యజమానే రాసిచ్చాడు. అప్పటికి ఏత్‌బార్ ఖరీదు ఎంతో తెలుగు దేశమంతా నేర్చుకుంది.

2000 మార్చి 10న అమెరికా నాస్‌డాక్ 5048 దగ్గర శిఖరం ఎక్కింది. సరిగ్గా రెండు వారాలకు, మార్చి 24న, క్లింటన్ హైదరాబాద్ వచ్చి హైటెక్ సిటీలో మాట్లాడాడు. మనం రోడ్లకు రంగులు వేసుకుని ఆ ముచ్చట చూస్తున్నాం. అక్కడ నేల అప్పటికే జారడం మొదలైంది. 2002 అక్టోబరుకు అదే నాస్‌డాక్ 1100 దరిదాపుల్లో ఉంది. అయిదు రూపాయలది రూపాయి అయ్యిందన్నమాట.

ఈ రెండు తారీఖుల మధ్యే మన ఇళ్లల్లో చాలా దుకాణాలు మూతపడ్డాయి. ఆన్‌లైన్ వల్ల కాదు. అప్పటికి మన ఊళ్లలో ఆన్‌లైన్‌లో కొనేవాడే లేడు. మూసింది మనమే. "దుకాణ్‌మే క్యా రక్ఖే బేటా, కంప్యూటర్ సీఖో" అన్న ఒక్క మాట మూసింది. మా బడే అబ్బా దుకాణం 2000లో అమ్ముడుపోయింది. ఆ పైసలతో ఆయన కొడుకు, అంటే మా భాయీజాన్, అమీర్‌పేటలో జావా నేర్చుకోవడానికి వచ్చాడు. కోర్సు ఫీజు, హాస్టల్ ఫీజు, అమెరికా పంపిస్తామన్న ఒక కన్సల్టెన్సీకి అడ్వాన్సు. ఆయన కోర్సు పూర్తయ్యేసరికి 2001. అమెరికా నుంచి వెనక్కి వస్తున్న వాళ్లు అదే హాస్టల్‌లో దిగుతున్నారు. కన్సల్టెన్సీ బోర్డు పీకేసింది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదని మీకూ తెలుసు. చదువు వద్దని నేను అనను. ఆ అమీర్‌పేట గల్లీల నుంచి వెళ్లి ఇళ్లు నిలబెట్టిన మన పిల్లలు వేలల్లో ఉన్నారు, మాషాఅల్లాహ్. నా షికాయత్ వేరే. భాయీజాన్‌కు పదహారేళ్ల వయసులోనే ఏ ఊళ్లో ఏ నెలలో ఏ కితాబుకు గిరాకీ ఉంటుందో తెలుసు. ఏ మాస్టరు జీతం రాగానే బాకీ కడతాడో, ఏ సాబు మూడుసార్లు అడిగించుకుంటాడో తెలుసు. ఏ పబ్లిషర్ కాగితం నాసిరకందో వేలితో రుద్ది చెప్పేవాడు. ఆ ఇల్మ్‌కు డాట్‌కామ్ కంపెనీలు కోట్లు పోస్తున్న రోజుల్లో, మనం దాన్ని చేటలో పోసి చెరిగేశాం. కంప్యూటర్ నేర్చుకుని ఆ దుకాణానికి తీసుకురా అని చెప్పిన పెద్దమనిషి ఒక్కడు లేడు. నేర్చుకుని ఇంకొకడి దగ్గర నౌకరీ చెయ్యమన్నారు. దుకాణ్‌దారీ అంటే చదువు అబ్బని వాడి గతి అని మన దిమాగ్‌లో ఎప్పుడు పడిందో తెలియదు కానీ గట్టిగా పడింది. షాదీ బజార్‌లో ఇప్పటికీ చూడండి. ఇరవై వేల జీతగాడికి దొరికే ఇజ్జత్ యాభై వేలు సంపాదించే దుకాణ్‌దారుకు దొరకదు.

మన దేశంలో ఆ తుఫానులో బతికి బయటపడ్డ వాళ్లను చూడండి, ఎంత దేశీ పద్ధతిలో బతికారో. ఇండియామార్ట్ 1996లో మొదలైంది. చేతిపనుల వాళ్లు, ఎగుమతిదారుల పేర్లు ఇంటర్నెట్‌లో ఎక్కించేది. ఆ వ్యాపారులకు ఈమెయిల్ ఎక్కడిది? విదేశం నుంచి ఎవరైనా సరుకు కావాలని ఈమెయిల్ రాస్తే, కంపెనీ వాళ్లే దాన్ని కాగితం మీద అచ్చు తీసి ఫ్యాక్స్ చేసేవాళ్లు. నౌక్రీ 1997లో వచ్చింది. మొదట్లో పేపర్లలో పడ్డ ఉద్యోగ ప్రకటనలే ఏరి ఎక్కించింది. అదే ఏడాది భారత్ మ్యాట్రిమొనీ. నౌకరీ, షాదీ! మన మషాతా ఖాలా చేసే పనే కదా అది, ఆమె ముహ్ మీఠా మాటలు తప్ప.

రైల్వే వాళ్లు 2002 ఆగస్టులో ఇంటర్నెట్‌లో టికెట్ అమ్మడం మొదలుపెట్టినప్పుడు, ఆ టికెట్‌ను కొరియర్ కుర్రాడు ఇంటికి తెచ్చిచ్చేవాడు. కాగితం చేతిలో పడితే కానీ మనవాడికి నమ్మకం కుదరదు. తెర మీద చూసి ఇంట్లో అచ్చు తీసుకునే టికెట్ 2005లో కానీ రాలేదు. మన ఈసేవ కూడా అంతే. 1999లో ట్విన్స్ అనే పేరుతో హైదరాబాద్‌లో మొదలై 2001లో ఈసేవ అయ్యింది. కరెంటు బిల్లు కంప్యూటర్‌లో కట్టొచ్చు, కానీ కిటికీ అవతల మనిషి కూర్చుని ఉంటాడు. డబ్బు తీసుకుని ముద్ర వేసి రసీదు ఇస్తాడు. జనం ఆ కిటికీని నమ్మారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఐటీసీ వాళ్ల ఈ-చౌపాల్. 2000లో మధ్యప్రదేశ్‌లో సోయా రైతుల కోసం పెట్టారు. కోస్తాలో రొయ్యల రైతుల కోసం కూడా ఇలాంటివి తెరిచారు. ఊళ్లో ఒక రైతు ఇంట్లో కంప్యూటరు పెడతారు. కరెంటు లేకపోతే సోలార్ పలక, టెలిఫోను తీగ లేకపోతే శాటిలైట్ గొడుగు. మండీలో ధర ఎంత ఉందో రైతు బండి కట్టకముందే చూసుకోవచ్చు. తూకం ఎలక్ట్రానిక్ కాటా మీద, పైసలు అక్కడికక్కడే. ఇదంతా ఒక ఎత్తు. ఆ కంప్యూటరు ఉన్న ఇంటి రైతు, సంచాలక్ అంటారు, ఊరందరి ముందు నిలబడి కసమ్ తీసుకోవాలి, ఎవరికీ తేడా చెయ్యను అని. లక్షల పరికరాలు బిగించిన తర్వాత కూడా ఆ కంపెనీకి ఒక మనిషి జబాన్ కావాల్సి వచ్చింది!

బడే అబ్బాకూ అమెజాన్‌కూ తేడా చెప్తానన్నాను. ఇక్కడ మనకు కొంచెం చేదు తగులుతుంది, మింగాలి.

మన బజార్‌లలో ఏత్‌బార్ ఉండేది నిజమే. ఎవరికి ఉండేది? పరిచయస్తులకు. మొహల్లా వాడికి, రిష్తేదారుకు, నాన్న పేరు చెప్పి వచ్చినవాడికి. వాడికి ఉధార్ ఉంటుంది, వాపస్ ఉంటుంది, చాయ్ కూడా ఉంటుంది. ముక్కూ మొహం తెలియని మనిషి వస్తే? మూడింతలు ధర చెప్పి రెండింతల దగ్గర ఆగేవాళ్లం. చార్మినార్ దగ్గర గాజులు కొనే బయటి ఊరి ఆడమనిషిని అడిగి చూడండి. "బికా హువా మాల్ వాపస్ నహీ లియా జాయేగా" అని బోర్డు రాయించి గల్లా మీద వేలాడదీసింది మనమే. బిల్లు అడిగితే మొహం మాడ్చుకునేదీ మనమే. బడే అబ్బా పెద్దమనిషే కానీ, కొత్త గిరాకీకి చిరిగిన పేజీ ఉన్న కితాబు అంటగట్టడం ఆయన దగ్గర నేను చూశాను. నేను చిన్నవాణ్ణి, నోరు మూసుకున్నాను.

ఈబే, అమెజాన్ వాళ్లు చేసిన కొత్త పని ఇదొక్కటే. పరాయి మనిషికి రిష్తేదారు మర్యాద ఇచ్చారు. ఒకే ధర, లెక్క ప్రకారం బిల్లు, నచ్చకపోతే వాపస్. గొప్ప నీయత్‌తో చేశారని నేననుకోను, అది లేకపోతే గిరాకీ రాడని చేశారు. ఏదైతేనేం, చేశారు. మనం ఉన్న ఏత్‌బార్‌ను నలుగురి మధ్యే దాచుకున్నాం. అందుకే మన పేరు గల్లీ దాటలేదు.

ఇంకో అడ్డం కూడా ఉండేది, అది మన తప్పు కాదు. ఆ రోజుల్లో ఇంటర్నెట్‌కు మన జబాన్‌లు రావు. నేను ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. రెండు లిపులూ తెర మీద కుంటుతుంటే కళ్లారా చూశాను. ఉర్దూ పేపర్లు ఇన్‌పేజ్‌లో కంపోజ్ చేసిన పేజీని ఫోటోలా ఎక్కించేవి. చదవొచ్చు, కానీ వెతికితే దొరకదు, కంప్యూటర్‌కు అది ఒక తస్వీర్ అంతే. తెలుగు పేపర్లు ఒక్కొక్కటీ తమ సొంత ఫాంటు పెట్టుకున్నాయి. అది దించుకోకపోతే తెర నిండా చీమలు పాకినట్టు పిచ్చి గుర్తులు. అందరికీ ఒకే అక్షరాల పద్ధతి, యూనికోడ్, మామూలు కంప్యూటర్లలోకి వచ్చి మనం హాయిగా తెలుగు రాసుకోవడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. ఆ లోపల అక్కడ దుకాణం పెట్టాలంటే ఇంగ్లీషే రావాలి. లాడ్‌బజార్‌లో లక్క గాజుల మీద నగీనా అద్దే కారీగర్‌కు ఇంగ్లీషు ఎక్కడిది? మధ్యలో ఇంగ్లీషు వచ్చినవాడు చేరాడు. నఫాలో పెద్ద ముక్క వాడిదే అయ్యింది.

క్రెడిట్ కార్డు సంగతీ అంతే. మన ఇళ్లల్లో ఎవరి దగ్గరుంది అప్పుడు? 1999, 2000లో మన దేశంలో తెరిచిన ఆన్‌లైన్ దుకాణాలు చాలావరకు అమెరికాలో ఉన్న కొడుకు ఇక్కడి తల్లికి పంపే కేకు, పూల గుత్తి మీద బతికాయి. కార్డు అక్కడ, కేకు ఇక్కడ. రియాద్‌లో, జెద్దాలో లేబర్ క్యాంపుల్లో ఉన్న మన కొడుకుల దగ్గర కార్డు లేదు. వాళ్ల తల్లులకు కేకు రాలేదు.

చివరికి మన దేశంలో ఆ తలుపు తెరిచింది ఏమిటి? 2007లో, అదీ కితాబులతోనే, మొదలైన ఫ్లిప్‌కార్ట్ 2010లో క్యాష్ ఆన్ డెలివరీ పెట్టింది. పార్శిల్ గడప దగ్గరికి వస్తుంది, పైసలు అక్కడే ఇవ్వాలి. పేపర్లన్నీ ఇదేదో అద్భుతమైన కొత్త ఆలోచన అని రాశాయి. నేను డెస్క్‌లో కూర్చుని ఆ వార్త తెలుగు చేస్తూ చాలాసేపు నవ్వుకున్నాను. వీపీపీ! బడే అబ్బా అప్పటికి లేడు. ఉంటే పోస్ట్‌మ్యాన్ పేరుతో సహా చెప్పేవాడు.

ఇప్పుడు మన ఇళ్లల్లో ఆ పని చేస్తున్నది మగవాళ్లు కాదు, ఆడవాళ్లు. ఇది చాలామంది గమనించడం లేదు. వాట్సాప్‌లో ఖడా దుపట్టాలు, ఇంట్లో పట్టిన అచార్, పిల్లల రంజాన్ బట్టలు అమ్ముతున్న మన ఆపాలు, భాభీలు ఎంతమంది ఉన్నారో మీ మొహల్లాలోనే లెక్కపెట్టండి. మా భాయీజాన్ బేటీ వాళ్లలో ఒకతె. బీకాం చదివింది. కర్నూలులో ఇంట్లో కూర్చుని బట్టలు తెప్పించి బళ్లారి, అనంతపురం దాకా పంపుతుంది. నోట్‌బుక్‌లో ఆమె రాసుకున్న ఖాయిదాలు చూపించింది: రంగు తేడా వస్తే వాపస్ తీసుకోవాలి, రాను పోను ఖర్చు మనదే, ఖాలా అయినా కొత్త మనిషి అయినా ఒకటే ధర, మాలులో లోపం ఉంటే ముందే ఫోటో తీసి పంపాలి.

ఆమెకు రిష్తా చూస్తున్నారు. అబ్బాయి వాళ్లు "అమ్మాయి ఏం చేస్తుంది" అని అడిగితే మా భాభీ "ఘర్‌మేచ్ రహ్‌తీ" అని చెప్పిందట. భాయీజాన్ పక్కనే ఉండి ఊరుకున్నాడు. కిందటి వారం ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. దుకాణ్ నడుపుతుంది అని చెప్పడానికి ఏమైంది మీకు, నెలకు నలభై పార్శిళ్లు పంపే పిల్లను ఖాళీగా ఉందని ఎలా చెప్తారు అని. "చెప్తే వాళ్లేం అనుకుంటారో" అన్నాడు. వచ్చే జుమా తర్వాత అబ్బాయి వాళ్లు మళ్లీ వస్తున్నారు. ఈసారి ఆ నోట్‌బుక్ చాయ్ ట్రే పక్కన పెట్టమని చెప్పాను. పెడతాడో లేదో.